మేనేజరు అన్న మాట

"రేపే రిజైన్ చేసి పారేస్తాను," అంటూ గుమాస్తాగారు బూట్లు ఒకటి ఇటు, ఒకటి అటు విసిరేశారు. ఎప్పటిలాగే చీకటి పడ్డాకే ఇల్లు చేరారు.

భార్య ఉల్లిపాయలు తరగడం ఆపలేదు. పొద్దుటినుంచీ బట్టల కొట్లో నిలబడి, బస్సులోనూ నిలబడే వచ్చిందావిడ. కాళ్ళు లాగేస్తున్నాయి.

"ఏమైందండీ?"

"మేనేజరు అందరి ముందూ నన్ను 'అక్సోరియస్' అన్నాడు. అంతా పళ్ళికిలించారు. వినడానికే బూతులా లేదూ?"

"అర్థం తెలీకుండానే ఉద్యోగం మానేస్తారా? నా ఒక్క జీతంతో ఇల్లెలా గడుస్తుంది? ఇంకా చాకిరీ చెయ్యడం నావల్ల కాదండీ." ఆ మాట అనేసరికి ఆవిడకి నిజంగానే ఏడుపొచ్చింది. చేతిలో ఉల్లిపాయ ఉంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

"పరువు పోయాక జీతమెందుకే?"

"ఆగు నాన్నా," అని కాలేజీలో చదివే కూతురు ఫోన్లో డిక్షనరీ తీసింది. కాసేపు తంటాలు పడ్డాక దొరికింది. "ఎక్కువగా వాడుకలో లేని మాటట. భార్యంటే పడిచచ్చేవాడు అని అర్థం. 'అతను మరీ అక్సోరియస్, భార్య లేందే ఏ విందుకీ రాడు' అని వాడతారట. కాస్త వెక్కిరింపు ఉంది గానీ తిట్టేం కాదు."

గుమాస్తాగారి మొహం చేటంత అయింది. "ఎంతైనా పెద్ద చదువు చదివినవాడు," అని మేనేజర్ని మెచ్చుకుని, బూట్లు తెచ్చి గూట్లో పెట్టుకున్నారు. రాజీనామా ఊసే లేదు.

భార్య హమ్మయ్య అనుకుంది. అంతలోనే అనుమానం వచ్చింది. మంచినీళ్ళు కూడా చేతికి అందిస్తే తప్ప తాగని మనిషాయె.

"మీలో ఏం చూసి అన్నాడండీ ఆ మాట?"

"ఏం చూసేమిటి?" ఛాతీ విరుచుకున్నారు గుమాస్తాగారు. "భార్యకి ఒంట్లో బాగోలేదని ఆర్నెల్లుగా రోజూ మధ్యాహ్నమే పర్మిషన్ పెట్టి, వంట చెయ్యడానికి పరిగెత్తే మొగుడు మా ఆఫీసులో ఇంకొకడు..."

నాలుక కరుచుకున్నారు.

భార్య కత్తి పక్కన పెట్టింది. కోప్పడే ఓపిక కూడా లేదావిడకి.

"ఇంతకీ ఆ వంట రోజూ ఎవరింట్లో చేస్తున్నారండీ?"