కదిలే బల్ల

"ఆగవే, దూకకు. బల్ల ఇంకా అటు పోతోంది" అంది అక్క.

చెల్లెలు దూకేసింది. టీవీ ఆటలో భుజాన మూటతో ఉండే బొమ్మ, మూటలోడు, అటూ ఇటూ జరిగే బల్ల అందక గాల్లో ఒక గిరికీ కొట్టి, కింద నల్లటి నీళ్ళలో బుడుంగున మునిగాడు.

"చెప్తే వినవు కదా."

"వచ్చేస్తోందనుకున్నా" అంది చెల్లెలు.

ఆ వీడియో గేమ్ ముప్పై ఏళ్ళుగా అటక మీద పెట్టెలో ఉంది. పొద్దున్నే చెల్లెలు దాన్ని దింపి, దుమ్ము తుడిచి, క్యాసెట్‌లోకి ఉఫ్‌మని ఊది, బావ చేత వైర్లు పెట్టించింది. బొమ్మ రాగానే అక్క గోడవైపు నుంచి ఇటు తిరిగింది. నెల రోజుల్లో ఆమె తనంతట తాను ఇటు తిరగడం అదే మొదలు.

అక్క దర్జీ. నాలుగు నెలల కిందట చొక్కా కాలరు కత్తిరిస్తుంటే చేతిలోంచి కత్తెర జారిపోయింది. మళ్ళీ తీసుకుందామంటే వేళ్ళు కదల్లేదు. పక్షవాతమన్నారు. ప్రాణగండం తప్పింది. మాట బాగుంది, కాలూ దారికొచ్చింది. కుడిచెయ్యి మాత్రం ఒళ్ళో పడి ఉంటోంది. వాడితేనే వస్తుందన్నాడు డాక్టరు. వస్తేగా వాడటానికి, అంది అక్క. ఆయనిచ్చిన రబ్బరు బంతిని మంచం కిందికి విసిరేసి, కుట్టుమిషను మీద దుప్పటి కప్పించేసింది.

చెల్లెలు మళ్ళీ దూకింది. ఈసారి బల్ల ఎక్కింది గానీ, దాని మీద కదలకుండా నిలబడింది. బల్ల ముందుకు జరిగిపోయింది. మూటలోడు నీళ్ళపాలయ్యాడు.

"అది మనల్ని మోయదే. అది కదులుతుంటే దాంతోపాటు మనమూ నడవాలి. ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

"ఎప్పుడు చెప్పావ్?"

"నీకు తొమ్మిదేళ్ళప్పటి నుంచీ చెప్తున్నా."

టీ తెచ్చిన బావ గుమ్మంలోనే ఆగిపోయాడు. భార్య గొంతులో ఆ విసురు విని ఎన్నాళ్ళయిందో.

"అంత పెద్ద బస్సు నడుపుతుంది, ఈ చిన్న బల్ల ఎక్కలేదు" అంది అక్క ఆయనతో. "అప్పుడూ ఇంతే. ప్రతి సాయంత్రం ఆటలో ఇక్కడికొచ్చేసరికి కేకేసేది."

"ఏమని?" అడిగాడు బావ.

"'అక్కా, బల్ల వచ్చింది' అని. పొయ్యి మీద ఏమున్నా సరే, నేను వెళ్ళాల్సిందే."

అమ్మ పోయేనాటికి అక్కకి పదహారు. మర్నాటి నుంచి వంట, బట్టలు, నాన్న మందులు, అమ్మ వదిలిపోయిన మిషను, అన్నీ ఆమె నెత్తినే పడ్డాయి. ఏడవలేదు, ఎవరితోనూ కూర్చుని మాట్లాడలేదు, గాలి పీల్చుకున్నట్టు కూడా ఉండేది కాదు. ఆ కేక వినపడితే మాత్రం తడిచేతులు పావడాకి తుడుచుకుంటూ వచ్చేది. "ఒక్క నిమిషమే" అంటూ చాప అంచున కూర్చునేది. మూటలోణ్ణి బల్ల దాటించేది. ఆ తర్వాత ఇంకో బల్ల, ఆపైన పైకీ కిందికీ ఊగే బల్ల. అరగంట గడిచేది. అక్కడే చెల్లెల్ని వెక్కిరించేది, అక్కడే నవ్వేది. ఆ ఇంట్లో అక్క నవ్విన చోటు ఆ చాప ఒక్కటే.

"దీన్ని నేనే పెంచాను" అంది అక్క. "బల్లలూ నేనే దాటించాను."

"ఇప్పుడూ దాటించు మరి" అంది చెల్లెలు, ఆట రిమోట్ ముందుకు చాపి.

అక్క మొహంలో వెలుగు తగ్గింది. "ఏ చేత్తో?"

"సరేలే." చెల్లెలు మళ్ళీ ఆడింది. మళ్ళీ పడింది. పన్నెండోసారి, పదమూడోసారి. పద్నాలుగోసారి బల్ల అసలు కనబడకముందే దూకింది.

"ఇలా ఇవ్వవే" అంది అక్క. "నిన్ను చూస్తుంటే ఒళ్ళు మండుతోంది."

ఎడమచేత్తో రిమోట్ లాక్కుంది. నడిపించే మీట ఎడమవైపు, దూకే మీట కుడివైపు. రెండూ ఒక్క చేత్తో అందవు. ఒళ్ళో పడి ఉన్న కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి, బొటనవేలిని మీట మీద ఆనించింది. బల్ల వచ్చింది. వేలు కదల్లేదు. బల్ల వెళ్ళిపోయింది.

బావ టీ కప్పులు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

బల్ల మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. అక్క పెదవి కొరుక్కుంది. నుదుట చెమట పట్టింది. నాలుగోసారి బొటనవేలు సన్నగా వణికి, కిందికి దిగింది. మూటలోడు ఎగిరి బల్ల అంచున పడ్డాడు. బల్లతోపాటు నడిచాడు. వేలు ఇంకోసారి నొక్కింది. అవతలి గట్టు మీద వాలాడు.

అక్క టీవీని చూడలేదు. తన వేలినే చూస్తోంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోనూ లేదు.

"చూశావా" అంది. "అప్పుడూ ఇప్పుడూ నేను లేందే నీకు గతి లేదు."

"లేదు" అంది చెల్లెలు.

"రేపు రా. ఇంకో బల్ల ఉంది. నీ వల్ల కాదు అది."

"డ్యూటీ దిగి నేరుగా వచ్చేస్తా."

చెప్పులు వేసుకుంటుంటే బావ గేటుదాకా వచ్చాడు. "మంచి పని చేశావమ్మా. కానీ పద్నాలుగుసార్లా? నిజంగా అంత కష్టమా ఆ ఆట?"

చెల్లెలు నవ్వి గేటు వేసింది.

ఆ ఆటని ఆమె తొమ్మిదేళ్ళప్పుడే ఒంటరిగా గెలిచేసింది.