లారీ కదిలేలోపు

"టీచరమ్మా, జల్ది రా! మినతి వాళ్లు లారీ ఎక్కుతున్నరు" అని ఆయా నీలమ్మ గుమ్మంలోంచి కేకేసింది.

వాసంతి చేతిలోని సుద్దముక్క బల్ల మీద పడేసి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరుగెత్తింది.

నానక్‌రామ్‌గూడలో అద్దాల టవర్ల వెనక, ఒక పాత మేడలో ట్రస్టు వాళ్లు నడిపే బడి అది. భవనాల పనికి ఒడిశా నుంచీ బీహార్ నుంచీ వచ్చిన కూలీల పిల్లలకోసం పెట్టారు. టవర్ లేస్తున్నన్నాళ్లూ పిల్లలు బడికొస్తారు. పని అయిపోగానే తల్లిదండ్రుల వెంట ఇంకో ఊరికి పోతారు. పోయినవాళ్లను తలుచుకుని బాధపడడం వాసంతి ఎప్పుడో మానేసింది. మినతి విషయంలో మాత్రం ఆమెకు మనసొప్పలేదు.

వచ్చిన కొత్తలో ఆ పిల్లకు తెలుగు ముక్క రాదు. ఇప్పుడు ఐదో తరగతిలో, లెక్క పూర్తిగా చెప్పకముందే జవాబు చెప్పేస్తుంది. కథల పుస్తకం దొరికితే అన్నం గంట కూడా వినిపించుకోదు. అందుకే మేడ మీద కొత్తగా తెరిచిన హాస్టల్లో చోటిమ్మని హెడ్మాస్టరు భీమేశ్వరరావును పోరి పోరి ఒప్పించింది వాసంతి. తిండీ బట్టా అంతా ట్రస్టుదే. తండ్రి సరే అంటే చాలు.

ఆ సంగతి హెడ్మాస్టరే మాట్లాడతానన్నాడు. ఇచ్ఛాపురం మనిషి, ఒడియా గలగలా మాట్లాడతాడు. కానీ ఇవాళ మీటింగని కొండాపూర్ వెళ్లాడు. రేపు రావలసిన లారీ ఇవాళే వచ్చేసింది. వాసంతి పరుగెడుతూనే ఫోన్ చేసింది. మోగుతోంది కానీ ఆయన ఎత్తడం లేదు.

రేకుల షెడ్ల ముందు లారీ సగం నిండిపోయి ఉంది. సామాన్ల మూటలకు ఆనుకుని మినతి తల్లి కళ్లు మూసుకుని పడుకుంది. కాన్పుకు ఆపరేషన్ చేశారు, ఇంకా తేరుకోలేదు. పసివాడు మినతి భుజం మీద నిద్రపోతున్నాడు.

"మినతీ, మీ నాన్నను పిలువమ్మా. నేను చెప్పింది చెప్పినట్టు ఆయనకు చెప్పాలి."

తండ్రి సుదామ్ వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతనికి తెలుగు రాదు. హిందీలో పనికి కావలసిన నాలుగు మాటలే వచ్చు. కాకినాడలో పుట్టి పెరిగిన వాసంతికి ఆ మాత్రం కూడా రాదు.

"నీ కూతురు చాలా తెలివైంది. దీన్ని నీతో తిప్పుకుంటే చదువు పాడైపోతుంది. మా హాస్టల్లో వదిలిపెట్టు. నా కన్నబిడ్డలా చూసుకుంటాను" అంది వాసంతి తడబడుతూ.

మినతి ఒకసారి లారీలోకి చూసింది. తమ్ముణ్ణి సర్దుకుని, తండ్రితో తగ్గు గొంతుతో నాలుగు మాటలు చెప్పింది.

"అంతేనా? అంతా చెప్పావా?"

"చెప్పిన టీచర్. మా భాషల చిన్నగనే అయితది."

సుదామ్ ముఖం వాడిపోయింది. తల అడ్డంగా ఊపుతూ గబగబా ఏదో అన్నాడు.

"వద్దంటుండు టీచర్. ఆడపిల్లను ఇడిసిపెట్టి పోనంటుండు."

"భయమేం లేదని చెప్పమ్మా. సెలవులకు మీరు ఎక్కడుంటే అక్కడికి నేనే తీసుకొస్తాను."

మినతి మళ్లీ చెప్పింది. ఈసారి సుదామ్ వంగి వాసంతి కాళ్లు పట్టుకున్నాడు. అతని కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. బడి మేడ వైపు చూపిస్తూ, కూతురి తల నిమురుతూ చాలాసేపు మాట్లాడాడు. వాసంతి కంగారుగా వెనక్కి జరిగింది.

"ఏమంటున్నాడే?"

"మీరు మస్తు చదువు చెప్పిన్రంట. దండం పెడుతుండు. ఇగ పోనియ్యమంటుండు."

"నీకుండాలని లేదా మరి?"

"ఉంది టీచర్." పిల్ల చూపు లారీలోకి పోయింది. "అమ్మకు లేవస్తలేదు."

"నాలుగు రోజుల్లో మీ అమ్మే లేస్తుంది. నువ్వైనా గట్టిగా అడగవే మీ నాన్నను!"

డ్రైవర్ హారన్ మీద హారన్ కొట్టాడు. పసివాడు ఉలిక్కిపడి ఏడుపు లంకించుకున్నాడు. మినతి వాణ్ణి ఊపుతూ లారీ ఎక్కి తల్లి పక్కన కూర్చుంది. సుదామ్ కూడా ఎక్కగానే లారీ కదిలింది. వాసంతి చక్రం పక్కనే నడిచింది, తర్వాత పరుగెత్తింది, తర్వాత ఆగిపోయింది. ఆ లారీ ఏ ఊరికి పోతుందో డ్రైవర్‌కూ, కూలీలను తెచ్చిన మేస్త్రీకీ తప్ప ఎవరికీ తెలియదు. ఆ మేస్త్రీ ముందే వెళ్లిపోయాడు.

ఆమె బడి మెట్ల మీద కూలబడి ఉండగా షేర్ ఆటో దిగి భీమేశ్వరరావు వచ్చాడు.

"ఫోన్ ఇప్పుడే చూశానమ్మా. దారిలో సిగ్నల్ దగ్గర సుదామ్ లారీ మీంచి కేకేశాడు. ఒకటే ఏడుపు. నేను నోరు తెరిచేలోపే పచ్చలైటు పడి లారీ వెళ్లిపోయింది."

"ఏడిస్తే ఏం లాభమండీ? అంత బతిమాలాను. మనిషి కాదు, బండరాయి."

"ఎవరు?"

"సుదామేనండి! పిల్లను వదలనంటే వదలనన్నాడు."

భీమేశ్వరరావు కళ్లజోడు తీసి ఆమె ముఖంలోకి చూశాడు.

"హాస్టల్లో చోటు లేదన్నావటగా! అతను నీ కాళ్లు పట్టుకున్నది, పిల్లను ఉంచుకోమనేనటమ్మా."