కొలిమికెక్కిన తుపాకీ

"ఆగండి పెద్దాయనా! గేటు దాటారంటే దాన్ని ముక్కలు చేసేస్తారు!"

డారిల్ పరుగున వెళ్లి చర్చి గేటుకు అడ్డం నిలబడ్డాడు. చేతిలో అట్ట పలక. దాని మీద 'మీ తుపాకీ నాకమ్మండి' అని ఎర్ర అక్షరాలు. మొక్కజొన్న విత్తడం ముగిసిన తొలి శనివారం అది. అయోవా రాష్ట్రం నలుమూలల నుంచి జనం ఇంట్లో వద్దనుకున్న తుపాకులు తెచ్చి చర్చివాళ్లకు అప్పగిస్తున్నారు. లోపల అక్కడికక్కడే మర రంపంతో కోసి, గొట్టాలను కొలిమిలో కాల్చి, తోటపనికి బొరిగెలు చేస్తున్నారు. తుపాకులు సేకరించే డారిల్‌కి ప్రతి కోతా తన ఒంటి మీద పడుతున్నట్టే ఉంది.

వచ్చినాయన పేరు ఆర్విల్ హాగెన్. ఎనభై రెండేళ్లు. పక్కన భార్య వెర్నా. ఆయన చంకలోని దుప్పటి మూటలోంచి నగిషీలు చెక్కిన నున్నటి చెక్క పిడి ఒకటి బయటికి తొంగి చూస్తోంది. అది చూడగానే డారిల్ పలక దించి దగ్గరికొచ్చాడు.

"ఇది... నూట ముప్పై ఏళ్ల నాటిది కదండీ?"

"మా తాతది. ఆ తర్వాత మా నాన్నది."

"ఇలాంటివి దేశం మొత్తం వెతికినా పది దొరకవు! ఎంత కావాలో చెప్పండి. కావాలంటే నా పికప్ బండి కూడా తీసుకోండి!"

"నీ బండి నేనేం చేసుకోనయ్యా? నా బండినే మా ఆవిడ తోలనివ్వడం లేదు."

వెర్నా నవ్వబోయి తల పక్కకి తిప్పుకుంది.

డారిల్‌కి ఒళ్లు మండింది. "వీళ్లు మీ బుర్ర బాగా తినేసినట్టున్నారు. ఇవాళ తుపాకీ అంటారు, రేపు కూరగాయల చాకు కూడా ఇచ్చెయ్యమంటారు. ఆయుధం మన హక్కండీ! రాజ్యాంగంలో రాసి ఉంది!"

"ఉంది. ఓటొచ్చిన దగ్గర్నుంచీ నేనూ దానికే ఓటేస్తున్నాను. రేపు నీ తుపాకీ లాక్కోడానికి ఎవడైనా వస్తే నీ పక్కనే నిలబడతాను."

"మరి?"

"నీది లాక్కోడానికి ఎవడికీ హక్కు లేదు. నాది ఇచ్చెయ్యడానికి నాకుంది. తప్పుకో అబ్బాయ్, నాకు టైము లేదు."

"పోనీ నాకివ్వండి! అద్దాల బీరువాలో పెట్టి దేవుడిలా చూసుకుంటాను."

"నీకిస్తే రేపే మీ ఇంటికొచ్చి నా తుపాకీ నాకిమ్మంటాను. ఇవ్వనంటే నీ మీద పడి కొడతాను. నా సంగతి నాకు తెలుసు."

చేసేది లేక డారిల్ వాళ్ల వెనకాలే లోపలికి నడిచాడు.

కొలిమి దగ్గర తెస్సా అనే అమ్మాయి ఉంది. "గుళ్లేం లేవు కదా?" అని అడిగింది. ఆర్విల్ కళ్లు మూసుకుని మీట మూడుసార్లు ఆడించి, చంటిపిల్ల నోట్లో పన్ను మొలిచిందేమోనని చూసినట్టు లోపల వేలు పెట్టి తడిమాడు. "లేవు" అన్నాడు. వందల తుపాకులు పట్టిన డారిల్ అలాంటి చెయ్యి ఎప్పుడూ చూడలేదు.

"రంపం నాకివ్వమ్మా."

"పర్లేదు తాతా, నేను కోస్తాను."

"మోసింది నేను. కోయాల్సిందీ నేనే."

తెస్సా ఆయన కళ్లకి అద్దాలు పెట్టి రంపం అందించింది. నిప్పురవ్వలు గొడుగులా లేచాయి. ఇనుము కీచుమంటుంటే డారిల్ పళ్లు బిగించి నిలబడ్డాడు. ముసలాయన చెయ్యి మాత్రం వణకలేదు. గొట్టం కొలిమికెక్కింది. ఎర్రబడింది, పసుపుబారింది, చివరికి చూడనివ్వకుండా వెలిగింది. ఆయన సుత్తి ఎత్తాడు.

ఒక దెబ్బ. ఇంకొకటి. ఎక్కడి జనం అక్కడే ఆగిపోయారు. కాఫీ పోస్తున్నావిడ కెటిల్ పట్టుకునే ఉండిపోయింది. ఆ సన్నటి భుజంలో అంత బలం ఎక్కడిదో ఎవరికీ అంతుపట్టలేదు. మధ్యలో తెస్సా సుత్తి అందుకోబోతే తల అడ్డంగా ఊపాడు. చెంపల మీద కారేది చెమటో కన్నీళ్లో తెలియడం లేదు. దెబ్బదెబ్బకీ ఏదో ప్రార్థన జరుగుతున్నట్టనిపించి, తనకి తెలియకుండానే డారిల్ తల మీది టోపీ తీసేశాడు. అట్ట పలక ఎప్పుడు జారిపోయిందో చూసుకోలేదు.

చదునైన ఇనుము నీళ్లలో మునిగి బుసకొట్టింది. తెస్సా దానికి కర్ర తొడిగింది. ఆర్విల్ ఆ బొరిగెను రెండు చేతులా పట్టుకుని భార్యకి అందించాడు. "ఇదిగో వెర్నా. నీ టమాటా మళ్లకి." ఆమె దాన్ని గుండెకి అదుముకుంది.

డారిల్ ముందుకొచ్చి చెయ్యి చాపాడు. "పెద్దాయనా... నా జన్మలో ఇలాంటిది చూడలేదు."

ఆర్విల్ ఆ చెయ్యి నిండుగా ఊపాడు. ఊపుతూ ఊపుతూ తను కోయగా బల్ల మీద పడున్న పిడి ముక్కల వైపు చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. వంగి ఒక ముక్క తీసుకుని దాని మీది చెక్కడం వేలితో తడిమాడు.

"అయ్యయ్యో! ఏం పనితనం! అచ్చం ఇలాంటిదే మా తాత దగ్గరుండేది. ఇంత బంగారంలాంటి తుపాకీని ఏ పిచ్చోడు తెచ్చి కోయించాడు?"

డారిల్ గబుక్కున వెర్నా వైపు తిరిగాడు. వెర్నా బొరిగె చంకలో పెట్టుకుని, మొగుడి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"పిచ్చోడు కాదు ఆర్విల్. మొన్న పెళ్లాన్ని పోల్చుకోలేక, దొంగనుకుని గురిపెట్టాడు. ఇవాళ పొద్దున లేవగానే పోల్చుకున్నాడు. మళ్లీ మరిచిపోయేలోపు తెచ్చి ఇచ్చేశాడు."