ఏడవకూడని ఇల్లు

ఏడుపును జబ్బుగా ప్రకటించాక, చావు జరిగిన ప్రతి ఇంటికీ ప్రభుత్వం మనిషిని పంపి, పోయినవాళ్ల జ్ఞాపకాలను తీసేయిస్తోంది. వద్దనే హక్కు ఎవరికీ లేదు. కూతురు స్వరూప జ్వరంతో పోయిన వారానికి పోసవ్వ ఇంటికీ కిరీటి అనే ఉద్యోగి ఇద్దరు పోలీసులతో వచ్చాడు. పోసవ్వ పొయ్యి ముందు జొన్నరొట్టె చేస్తోంది. వాళ్లను చూసి కూడా లేవలేదు.

“బాధ ఉండదమ్మా. నేనూ మా అమ్మను తీయించేసుకున్నాను. ఎంత హాయిగా ఉందో!” అన్నాడు కిరీటి, సంచిలోంచి టోపీలాంటి యంత్రం తీస్తూ.

“మీ అమ్మ పేరేంది?”

“ఏమో!” అని నవ్వాడు.

పోసవ్వ అతన్ని పేడపురుగును చూసినట్టు చూసింది. “కన్నతల్లి పేరు తెల్వకుంటనే పండ్లిగిలిస్తున్నవ్. నా బిడ్డ పేరు నీ నోట్ల పడితేనే మైల.”

పోలీసులు ఆమె చేతులు పట్టుకున్నారు. తలమీద టోపీ పెట్టారు. “స్వరూపా! స్వరూపా!” అని అరుస్తూనే ఉన్న పోసవ్వ, మళ్లీ పిలవబోయి, ఎవరిని పిలుస్తోందో తెలియక ఆగిపోయింది. పోలీసులు చేతులు వదిలేశారు. పెనం మీద రొట్టె మాడుతుంటే తిరగేసింది.

“ఇప్పుడెలా ఉందమ్మా?” ఆప్యాయంగా అడిగాడు కిరీటి.

పోసవ్వ అతని ముఖంలోకి చూసింది.

“బాధేం లేదు. గని నిన్ను జూస్తే మాత్రం పేడపురుగును జూసినట్టున్నది. ఎందుకో తెల్వది. నడువ్ బయటికి.”