మోకాలి అతుకు

డాక్టరు చెప్పిన గడువు తీరగానే పెంటప్ప కర్ర లేకుండా మగ్గం గుంట దగ్గరికి నడిచాడు. మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆ గుంటలో కూర్చుని నేస్తున్నది అతని భార్య నర్సుబాయి.

"లే. ఆడది రాట్నం కాడ, మగోడు మగ్గం కాడ. పేటంత నవ్వుతున్నది."

ఆమె పాదాలు ఆగలేదు. "డాక్టరు ఏమన్నడో మల్ల చెప్పు."

"తొడకెల్లి నరం తీసి మోకాలి ఎముకల దూర్చిండు. కుట్లు కొన్నాళ్లకే. ఎముకే దాన్ని తనదని పట్టుకోవాలె. పట్టుకున్నంక గుంజినా ఊడదన్నడు."

"నన్ను నీ జాగల దూర్చింది నువ్వే. మగ్గం నన్ను తనదని పట్టుకున్నది. ఇగ గుంజి చూడు."

పెంటప్ప ఆమె చేయి అందుకోబోయి ఆగాడు. అతుకు వేసిన మోకాలు మొదటిసారి నిండా మడిచి, రాట్నం ముందు కూర్చున్నాడు.