నేలకి దెబ్బ

బళ్లో ఆటల పీరియడంటే పిల్లలంతా కుర్చీల్లో బెల్టులు బిగించుకుని తెర మీద ఖోఖో చూడడమే. పరిగెత్తబోతే బూట్లు వాటంతటవే బిగుసుకుపోతాయి. దావా అనే మాటంటే బడివాళ్లకి అంత హడల్. ఈ చోద్యం చూడలేక, ఓ ఆదివారం లాస్య ఇంటి తలుపులేసి, ఆరేళ్ల కూతురు మేధ బూట్లు విప్పించింది.

"పరిగెత్తవే తల్లీ!"

పిల్ల నాలుగడుగులేసి బోర్లాపడింది. మోకాలు గీరుకుపోయింది. లాస్య దాన్ని ఒళ్లోకి లాక్కుని, చిన్నప్పుడు వాళ్లమ్మ చేసినట్టే నేలని ఫెడీమని కొట్టింది.

"మా బంగారాన్ని పడేస్తావా? కొట్టేశాలేమ్మా, ఏడవకు."

మేధ ఏడవలేదు. బళ్లో నేర్పినట్టు ముందు గాయాన్ని ఫోటో తీసుకుంది.

"నేలేం చేసిందమ్మా? బూట్లు విప్పించింది నువ్వు కదా."

బడివాళ్లు చేతికి కట్టిన ఫిర్యాదుల గడియారం నోటి దగ్గర పెట్టుకుని, తల్లి పేరు ఇంటిపేరుతో సహా స్పష్టంగా చెప్పింది.