నూట ఎనిమిది భ్రామరులు

యోగా మాస్టారు రామ్మూర్తిగారు, సుబ్రహ్మణ్యేశ్వరరావుగారి చేతులు రెండూ పట్టుకుని, చెవుల్లోంచి బొటనవేళ్ళు బయటికి లాగేశారు.

"భ్రామరి ప్రాణాయామం రోజుకి ఐదుసార్లు చాలని చెప్పేను కదండీ."

"ఆయ్, చెప్పేరండి. నేను నూటెనిమిది చేస్తున్నాను" అన్నారు ఆ రిటైర్డు హెడ్మాస్టరుగారు గర్వంగా. "మహిమ చూడండి. ఇదివరకు కొబ్బరి దింపంటే ఇంట్లో మూడ్రోజులు రభస. చెట్టుచెట్టు కిందా నిలబడి నేను చెప్పినా పని తెమిలేది కాదు. ఇప్పుడు కళ్ళూ చెవులూ మూసుకుని తుమ్మెదలా ఝుమ్మంటూ కూర్చుంటే ఒక్క పూటలో అయిపోతోంది. అంతా తరంగాలండి."

"అతి చేస్తే తల తిరుగుద్దండి. ఇవాళ నేనే లెక్కపెడతాను."

ఐదోది కాగానే మాస్టారు ఆయన భుజం తట్టి ఆపేశారు. బొటనవేళ్ళు చెవుల్లోంచి జారాయి. పెరట్లో కొబ్బరిచెట్టు మీంచి కాయలు దింపే మంగరాజు గొంతు వినిపించింది.

"అమ్మగారూ, అయ్యగారి మోత ఆగిపోయిందండి. దిగిపోమంటారా?"

"ఊపిరి పీలుస్తున్నారేమోరా. ఇంకా వందదాకా ఉంటాయి" అంది ఆయన భార్య వీరాయమ్మ, కింద నుంచి. "ఆయన లేచి ఇటొచ్చేలోగా మిగతా చెట్లు కానిచ్చెయ్."

మాస్టారు తల దించుకుని చాప అంచు సర్దారు.

సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు కాసేపు తన బొటనవేళ్ళు చూసుకున్నారు.

"మీరన్నట్టు రోజూ ఐదేనండి" అన్నారు మెల్లగా. "మిగతా నూటమూడూ, నోరు మూసుకుని ఊరికే కూర్చుంటాను."